అత్త పేరు, అమ్మమ్మ పేరు

నల్గొండ, 1964, శ్రావణ శుక్రవారం

మూర్ఛ రోగం వంశంలో వస్తుందా అని ఆరా తీస్తున్న హైదరాబాదు డాక్టరమ్మ ఈ రోజు మా ఇంటికి వచ్చింది. మా బిడ్డ అందాలుకు ఫిట్లు వస్తాయని ఎవరో చెప్పారట. కాగితం మీద గీతలు గీస్తూ మా అత్త పేరు అడిగితే నర్సమ్మ అన్నాను. అమ్మమ్మ పేరు అడిగినా నర్సమ్మే అన్నాను. పొరపాటనుకుని రెండో పేరు కొట్టేయబోయింది.

"ఇద్దరూ ఒక్కరే అమ్మా. నేను మేనమామనే చేసుకున్న," అన్నాను.

పక్కనుంచి ఈయన, "మా అమ్మను ఒక్క జాగలనే రాయుండ్రి డాక్టరమ్మా. రెండు జాగల రాస్తే దీన్ని ఇద్దరై తిడ్తది," అన్నారు.

అందరం నవ్వాం. తర్వాత, బిడ్డ జబ్బు మా పెళ్లి వల్లేనా అని అడిగాను. ఇంకా తెలియదని, అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నామని, మాత్రలు మాత్రం ఆపవద్దని చెప్పింది.

ఆమె వెళ్లాక ఈయన మెల్లగా, "నా వల్లనే అయితే నన్ను తిట్టు. గని నిన్ను ఇంకోనికి ఇయ్యనిద్దునా?" అన్నారు.

నరసింహస్వామీ, ఈ వయసులోనూ ఆ మాటకు మురిసిపోయాను. కానీ ఆదివారం తమ్ముడు తన కొడుక్కి అందాలును అడగడానికి వస్తున్నాడు. ఆ పిల్లవాడికి అందాలంటే ప్రాణం. అయినా సంగతి తేలేదాకా ఆగమని చెప్పాలి. తమ్ముడు "అక్కా" అని పిలవకముందే చెప్పాలి. పిలిచాక నాకు నోరు రాదు.