నల్లగా నింపిన మూడు గళ్లు

1962 ఆగస్టు 6, ఇచ్చోడ
వాన. బడికి సగం మంది పిల్లలు కూడా రాలేదు. వారపత్రికకు పంపాల్సిన పదబంధ ప్రహేళిక ముందేసుకుని కూర్చున్నా. ఈసారి అంతా పాత ఊరిపేర్లే. అడ్డం ఒకటి: ఆదిలాబాదు పాత పేరు. ఎదులాపురం. అడ్డం ఆరు: పొలాస ఒకప్పుడు ఏమిటి? పొలవాస. నిలువు మూడు... వేపచెట్ల వాడ, ఇప్పటి వేములవాడ. లేంబులవాటిక. భలే కుదిరింది. కుదిరిందని ఎవరికి చెప్పను? అత్తమ్మకు చదువు రాదు.

ఆగస్టు 9
లేంబులవాటిక పక్కన మూడు గళ్లు మిగిలాయి. మా ఆయన పేరు అందులో సరిగ్గా పడుతుంది. ఆధారం కూడా తయారే. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి మొగుడి పేరు చెప్పమంటే అదే చెప్పా — "వేములవాడ దేవుని పేరే." పక్కన ఆయన పకపకా నవ్వాడు.
మూడు గళ్లూ నల్లగా నింపేశా.

ఆగస్టు 13
కరీంనగర్ నుంచి అన్న వచ్చాడు. మంచిర్యాల అవతల బొగ్గుబాయి దగ్గర బస్సులోంచి ఆయన్ని చూశాడట. "మీ ఆయన లెక్కనే కనబడ్డడే... దిగెటాళ్లకు జనంల కలిసిండు." ఇల్లు విడిచిపోయిన నాలుగేళ్లకు! జెండా పండుగ ముందు నాకు సెలవివ్వరు. అత్తమ్మ ఆగుతుందా? "నా కొడుకును నేనే తోల్కొస్త."

ఆగస్టు 14
పొద్దున్నే బస్సెక్కించా. ఒక్కదానికోసం అన్నం వండబుద్ధి కాలేదు.

ఆగస్టు 17
అత్తమ్మ వచ్చింది. ఒక్కతే.
"లేడు బిడ్డా. గా పేరుతోని ఎవ్వలు లేరన్నరు."
పొద్దంతా గోడకానుకుని కూర్చుంది.

ఆగస్టు 18
బావి దగ్గర నీళ్లు చేదుతూ అడిగా — "ఏం పేరు చెప్పినవ్ అత్తమ్మా?"
"ఏం పేరేంది? చిన్నయ్య అన్న. ఎలగందుల చిన్నయ్య."
చేద చేతిలోనే ఆగిపోయింది. ఆయనకు పెట్టింది వాళ్ల తాత పేరు. మామ పేరు కోడలు పలకకూడదు కదా, అందుకని కన్నకొడుకునే అత్తమ్మ పుట్టినప్పటి నుంచీ చిన్నయ్య అంటుంది. ఇల్లు దాటితే ఆ పిలుపు ఎవరికి తెలుసు?
"అసలు పేరు చెప్పాలె గద!" — అరిచేశా.
"మా మామ పేరు నా నోట్లెకెల్లి ఎట్లొస్తది? నువ్వు పోతే చెప్తుంటివా?"
చేదను మళ్లీ బావిలోకి వదిలా.

ఆగస్టు 19
నాలుగేళ్ల కిందట ఎలగందులలో, ఆయన వెళ్లిపోయిన రోజు. బడి ఉద్యోగం మానమన్నాడు, మాననన్నా. సంచీ భుజాన వేసుకుని బజార్లో పడ్డాడు. వెనకే వాకిట్లోకి పరుగెత్తా. "ఇగో... ఇగో..." బజారు నిండా మనుషులు. ఎవరిని పిలుస్తున్నానని ఎవరికి తెలియాలి? ఒక్కసారి పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు బతిమాలాడో. పిలిస్తే ఆగేవాడేమో.
ఇవాళ ఏడ్చా. జీతం వస్తోంది, ఇల్లు నడుస్తోంది. మనిషి లేడు, అందుకు ఏడ్చా.

ఆగస్టు 21
ప్రహేళిక పంపలేదు. ఎప్పటివో ఊళ్ల పేర్లన్నీ తవ్వి తీస్తా. ఇంట్లో మనిషి పేరు...
చీటీ మీద రాసి బొగ్గుబాయికి పట్టుకెళ్తే పని అయిపోతుంది. వద్దు. నోటితోనే అడుగుతా. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే. వస్తాడా, రాడా, మొహం తిప్పుకుంటాడా... ముందు పిలవాలి.

ఆగస్టు 24
సెలవు దొరికింది. రేపు పొద్దున బస్సు. అత్తమ్మ తనూ వస్తానంటే వద్దన్నా.
చీర మడత పెడుతూ పలికి చూశా. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారీ అంతే. తర్వాత —
రాజేశం.
పెద్దగానే వచ్చింది. ఒళ్లు జలదరించింది, ఏదో తప్పు చేసినట్టు. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.
వంటింట్లో రొట్టె కొట్టే చప్పుడు ఆగింది. ఇక తిట్లే అనుకున్నా. పిండి చేతులతోనే అత్తమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. నా వైపు చూడలేదు.
"ఇంకోపారి అను బిడ్డా."