చందా కట్టనివ్వలేదు

మాస్టారూ,

తప్పు చేసింది నేనే. ఆన్‌లైన్ నిఘంటువుకి మన గ్రంథాలయం తరఫున చందా కడదామని మీరు అడిగితే, "మాటల్ని అమ్ముకునేవాళ్లకి పైసా ఇవ్వకూడదు!" అని మీటింగులో అరిచి ఆపించాను.

మీరు నవ్వారు. "నువ్వన్నది న్యాయమేనయ్యా. నేను పోగేసిన పడవవాళ్ల మాటలు ఇదివరకే ఎవరైనా రాసేశారేమో చూసుకుని, లేకపోతే అచ్చుకిద్దామని..." అన్నారు. చూసుకోకుండానే కన్నుమూశారు.

నిన్న చందా కట్టాం. నెట్ సెంటర్లో కూర్చుని, మీరు ఆ మాటలు రాసిపెట్టుకున్న చీటీల్లోని ఒక్కో మాటా వెతికాను. సగానికి పైగా అందులో లేవు మాస్టారూ. ఆ సంగతి మీకు తెలియనివ్వలేదు నేను.

అచ్చుకిచ్చే ముందు చీటీలన్నీ పైకి చదువుతానంటే, "మా మాటలకి పుస్తకమేంటండీ!" అని పడవవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను: ఆదివారం సాయంత్రం ఐదింటికి, పడవల రేవులో. అందరూ రండి. తప్పు చదివితే తిట్టండి.