ముందుబండి

పాలెం, కర్నూలు తాలూకా
3 మార్చి 1941, సోమవారం

ప్రియమైన అమ్మకు నీ చిన్న కూతురు ఏసుమణి వందనాలు చెప్పి వ్రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నాయన, నేను, ఎద్దులు, బర్రె క్షేమం. తమ్ముడు గాబ్రియేలు సంగతి క్షేమమన్న ఒక్క మాటలో పట్టదు కాబట్టి కింద వేరుగా రాస్తాను. బద్వేలులో నువ్వు, బాలింత అక్క, బావ, పసిబిడ్డ బాగున్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బర్రె పాలు తగ్గలేదు. పిండేది నేను కాబట్టి తన్నడం మాత్రం పెరిగింది. జాడీలో ఊరగాయ బూజు పట్టలేదు, రెండుసార్లు ఎండకు పెట్టినాను. బిడ్డకు రూతు అని పేరు పెట్టమని నాయన అంటున్నాడు. నువ్వు మాత్రం ఏదో ఒక మణి కావాలంటున్నావు. జ్ఞానమణి, ఏసుమణి అని ఇద్దరం ఉన్నాం, మన ఇంటికి చాలదా? కడప బడివాళ్ల దగ్గరినుంచి మళ్లీ జాబు వచ్చింది. దాని సంగతి చివర.

నీ జాబులో నాలుగోది ప్రశ్న కాదు. "కొడుకు కాలు విరిగి నేలమీద పడుంటే, దుమ్ముకు జడిసి బండి కట్టుకుని పరుగెత్తిన మనిషి మొహం నేను చూడను. అక్క లేచి తిరిగినాక గాబ్రియేలును బస్సులో ఈడకే పంపండి, నేను సాకుతా. ఆ ఇంటికి మాత్రం రాను" అని రాసినావు. ఆ మాటలు నేనే నాయనకు చదివి వినిపించినాను. ఆయనకు చదువు రాదని నీకు తెలిసీ అట్లా రాసినావంటే, నా నోటితో చెప్పించాలనే రాసి ఉంటావు. నడుమ ఆపి, తర్వాతి ముక్కకు పోబోయినాను. నాయన కనిపెట్టినాడు. "నీ కండ్లు కాగితమ్మీద కిందికి పోయినాయి, నోరు మాత్రం పైననే ఉండాది. అంతా సదువు మణీ" అన్నాడు. అంతా చదివినాను.

పాస్టరమ్మగారు నీకు రాసింది అబద్ధం కాదు. కానీ ఆమెకు తెలిసింది సగం. మిగతా సగం నాకు, నాయనకు మాత్రమే తెలుసు. ఈ ఐదు వారాలు నేను నోరు విప్పలేదు.

నాయన అలవాటు నీకు నేను చెప్పాలా? గుడిలో ఆశీర్వాదం ముగిసేలోపల ఆయన బయట ఎద్దులకు కాడి వేస్తుంటాడు. పెండ్లిలో ఆకు ఎత్తకముందే మనల్ని లేపుతాడు. మిషను బడిలో క్రిస్మసు నాటకానికి పోయినా అంతే. నాకు తొమ్మిదేండ్లు వచ్చేదాకా తూర్పుదేశపు జ్ఞానులు బయలుదేరినారని తెలుసుగానీ, బేత్లెహేము చేరినారని తెలియదు. కాలేజీ చదువుకు మద్రాసు పోయినాక, అక్కడి నాటకంలో వాళ్లు చేరుకుంటే నేనొక్కదాన్నే ఆశ్చర్యపోయినాను. సెలవుల్లో వచ్చినప్పుడల్లా దీనికి నాయనను నేను ఎంత ఎగతాళి చేసినానో నువ్వే చూసినావు.

ఆయనకూ కారణం ఉంది. హంద్రి ఏరు ఎండినాక మనవాళ్లు ఇసుకమీద జమ్ముగడ్డి పరిచి వేసే దోవ ఒక్క బండికే సరిపోతుంది. పక్కకు తప్పుకుందామంటే చక్రం ఇరుసుదాకా దిగబడుతుంది. ఈ ఏడు జమ్ము దొరక్క ఇంకా సన్నగా పరిచినారు. పట్నంలో ఏమున్నా సరే, ముందుబండి ఒక పాట పాడేలోపల ఏరు దాటుతుంది. కడబండికి పొద్దు మునుగుతుంది. అందుకే ఫుట్‌బాలు పందెం రోజు ఇంకా కాలుగంట, పదిహేను నిమిషాల ఆట ఉందనగానే మనవాళ్లలో బండ్లున్నవాళ్లంతా లేస్తారు. ముఖం ఆటవైపు, చేతులు కాడిమీద. మిగతా ఆటను ఏట్లోనుంచి చెవులతో చూస్తారు. మనవాళ్లు గోలు కొడితే చిన్న ఈరన్న తప్పెట మోగుతుంది. మోగకపోతే కొట్టింది పట్నంవాళ్లు.

జనవరి ఇరవై ఐదు శనివారం కప్పు పందెం. మన మిషను జట్టుకు, పట్నం జట్టుకు. నేను మద్రాసునుంచి తెచ్చుకున్న తెల్లచీర కట్టుకున్నాను. సోమవారం పొద్దున బస్సుకు కడప పోయి, ఆ ఆడపిల్లల బడివాళ్లకు కనబడి మాట్లాడాల్సింది ఆ చీరతోనే. నాకున్న మంచి చీర అదొక్కటే. అయినా శనివారం ఎందుకు కట్టుకున్నానంటే, పట్నంలో మద్రాసు స్నేహితురాళ్లు ఇద్దరు కనబడతారని.

చెరొక గోలు అయింది. గాబ్రియేలు కుడిపక్క ఆడుతున్నాడు. అమ్మా, వాడు ఆ రోజు ఎట్లా ఉరికినాడో నీకు రాయడం నాకు చేతకాదు. పట్నం జట్టులో ముగ్గురికి బూట్లున్నాయి, వీడివి ఉత్త కాళ్లు. బంతి వీడి దగ్గరికి వచ్చినప్పుడల్లా పట్నంవాళ్లు సైతం లేచి నిలబడినారు. కాలుగంట మిగిలింది. బండ్లు కదలడం మొదలైంది. సుంకులమ్మ తన బండిలోనుంచి అరిచింది. "ఏమప్పా ఏసన్నా, ఇంకా కూచునే ఉండావే? నీ ఎద్దులకు గడియారం చెడిపోయిందా?"

నాయన నవ్వినాడు గానీ లేవలేదు. పగ్గాలు ఒళ్లో పెట్టుకుని, "ఈ పొద్దు ఉందాం మణీ. పిల్లోడు ఆడతాండాడు. కడదాకా చూసి పోదాం" అన్నాడు.

నేను పుట్టినప్పటినుంచి ఆ మాట కోసం చూస్తున్నదాన్ని. ఆయన అన్న రోజున నేనేమన్నానో విను.

"కడదాకా ఉంటే అరవై బండ్ల దుమ్ము తినాల నాయనా. ఎల్లుండి ఈ చీరతోనే కడపకు పోవాల. రేపు ఆదివారం. అమ్మ ఊర్లో లేకపోయినా మనింట్లో ఆదివారం బట్ట ఉతికేది లేదు గదా. పోదాం పద."

ఆయన నా చీరవైపు చూసినాడు. ఆటవైపు ఒకసారి చూసినాడు. "సరే, పోదాం. నీ కొలువు ముఖ్యం" అని లేచి ఎద్దులకు కాడి వేసినాడు. అప్పటికి కదిలిన బండ్లను ఎట్లా దాటించినాడో గానీ, ఏట్లోకి మన బండే ముందు దిగింది.

అమ్మా, ఆ రోజు నాయన తనంతట తాను రాలేదు. నేను తెచ్చినాను.

ఏటి నడుమ ఉండగా తప్పెట మోగింది. నాయన బండి నిలిపి నిలబడినాడు. "గోలు! మనోళ్లే కొట్నారు! మణీ, మనోడే కొట్టుంటాడు చూడు!" వెనక బండ్లన్నీ కేకలు. సగం సంతోషానికి, సగం మనమీద. "పోనీప్పా ఏసన్నా, ఏటి నడుమ యాల నిలిపితివి?" వెనక్కి తిప్పుదామని ఆయన నిజంగానే పగ్గం లాగినాడు. జమ్ముదోవ ఒక్క బండి వెడల్పు, వెనక యాభై బండ్లు. యాడికి తిప్పేది? ముందుకే తోలినాడు.

ఇల్లు చేరి, చీర దులిపి మడత పెట్టి, అక్కడే కూర్చుని నీకు కార్డు రాసినాను. "పందెం గెలిచినాం, అందరం క్షేమం." ఆ కార్డు అబద్ధమా అని అడిగినావు. రాసినప్పుడు కాదు. అక్కకు నెలలు నిండినాయని, నిజం తెలిసినాక కూడా అదే కార్డు సోమవారం డబ్బాలో వేసినాను. అప్పుడు అబద్ధం అయింది.

సిరా ఆరకముందే చిన్న ఈరన్న వచ్చినాడు. జమ్ముదోవ పక్కన ఇసుకలోనే పరుగెత్తి వచ్చినాడు, తప్పెట భుజానికి వేలాడుతూనే ఉంది. "మామా, గాబ్రి గోలు కొట్నాడు. కొట్టి గోల్‌కీపరుతో పాటు పడినాడు. నేను తప్పెట కొడతానే ఉండా, వాడు లేయలేదని సూసుకోలేదు మామా" అని ఏడ్చినాడు. ఆటస్థలంలో ఒక్క బండీ మిగల్లేదట. గోలు గుంజల వెదుళ్లు పీకి, దుప్పటి కట్టి, వాణ్ణి పట్నంలో ఆసుపత్రికి మోసినారట. మత్తిచ్చి ఎముక కూర్చాలంటే తండ్రి వేలిముద్ర కావాలట.

బండితో ఎదురుపోయేదానికి దోవ లేదు. నడిచిపోయినాం. నేను మళ్లీ ఆ తెల్లచీరే చుట్టుకున్నాను, చేతికందింది అదే. ఎదురుగా బండి వెనక బండి వస్తున్నాయి. తగ్గేచోటు లేదు, మేమే మోకాలిలోతు ఇసుకలో పక్కన నడిచినాం. వాళ్లకింకా ఏమీ తెలియదు. ఒక్కొక్క బండినుంచీ ఒక్కొక్క మాట. "ఏమప్పా ముందుబండీ, ఎనక్కి తిరిగినావే?" "కప్పు మోసుకొచ్చేకి పోతాండాడు లేప్పా." సుంకులమ్మ పక్కకు వచ్చేసరికి, "ఏం ఏసన్నా, ఏమన్నా మర్సిపోయినావా?" అంది.

"ఆ, మర్సిపోయినా. నా కొడుకును" అన్నాడు నాయన, నిలబడకుండానే.

ఆమె బండి నిలిపేసింది. ఆ మాట మాకంటే ముందే వెనక బండ్లకు చేరింది.

ఆసుపత్రిలో గాబ్రియేలు అడిగిన మొదటి మాట కాలు గురించి కాదు. "నాయనా, చూసినావా?" అన్నాడు. నాయన చూసినానని అనుంటే వాడు నమ్మేవాడు. "సూడలేదు గాబ్రీ. ఇన్నా. ఏటి నడుమ ఉండి ఇన్నా" అన్నాడు. వాడు నొప్పిలోనే, "ఏటి నడుమకు ఇనపడిందా?" అని సంతోషపడినాడు. తర్వాత నాయన వేలిముద్ర వేసినాడు, ఎముక కూర్చినారు. ఎడమకాలు, మోకాలికింద రెండు ఎముకలు. ఎండాకాలం నడిమికి నడుస్తాడట. ఒక వేలెడు పొట్టి కావచ్చునట, కాకపోవచ్చునట. మళ్లీ ఆడతాడా అని నేను అడిగితే, ముందు నడవనీ అన్నాడు డాక్టరు. అంతకంటే నాకూ తెలియదు.

మరుసటి ఆదివారం గుడి ముందర అందరూ నాయననే అన్నారు. ఆయన తలవంచుకుని, "నా అలవాటే అట్లాంటిది" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఇంటికి వచ్చినాక, నిజం చెప్పేస్తానన్నాను. ఆయన చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "నీ మాట ఎత్తొద్దు మణీ. నువ్వు కొలువుకు పోయేదానివి, తమ్ముని కాలు ఇరిచి పోయిందంటారు. నామీద కోపం మీ అమ్మకు ముప్పైయేండ్ల అలవాటు. నీమీదైతే ఆమె తట్టుకోలేదు." నేను ఊరుకున్నాను. ఊరుకోవడం సులువుగానే ఉండింది. ఆ సంగతి కూడా నువ్వు తెలుసుకోవాలి. నీ జాబు చదివి వినిపించినరోజు మాత్రం అంత సులువు కాలేదు. "మీ అమ్మ రాసింది నిజమే" అని ఆయన ఎద్దులకు నీళ్లు పెట్టేకి పోయినాడు. తొట్టిలో నీళ్లున్నాయి, నేను అప్పుడే పోసినాను.

గాబ్రియేలుకు నిన్న చెప్పేసినాను. జట్టువాళ్లు వాడి మంచం దగ్గరే పెట్టిపోయిన కప్పును ఒళ్లోకి తీసుకున్నాడు. తర్వాత, "ఆ చీర నాకియ్యి. కట్టు విప్పినాక కాలికి చుట్టుకుంటా" అన్నాడు. కోపమో ఎగతాళో ఇంకా తెలియలేదు.

మొన్న శనివారం ఈ ఏడాదికి కడపటి పందెం. వాడు పోతానని పట్టుబట్టినాడు. నాయన బండిలో గడ్డి ఎత్తుగా పరిచి, పిండికట్టు కాలు దానిమీద చాపించి, తీసుకుపోయినాడు. కాలుగంట మిగిలింది. బండ్లు కదిలినాయి. "ఏసన్నా, పోదాం రాప్పా" అని ఎవరో పిలిచినారు కూడా. నాయన ఎద్దులను విప్పి, మేత వేసి, బండిచక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. మనవాళ్లు ఓడిపోయినారు. ఈల వేసినా, జనం పోయినా, గుంజలు పీకినా కూర్చున్నాడు. అప్పుడు కాడి వేసినాడు. మనదే కడబండి. మేము ఏట్లో దిగేసరికి పొద్దు వాలింది. ముందు పోయిన బండ్ల దుమ్మంతా ఎప్పుడో అణిగిపోయి, జమ్ముమీద గాలి చల్లగా ఉంది. నా చీరకు మరకంటలేదు. నాయన అటూ ఇటూ చూసి, "ఇన్నేండ్లు నాకు తెలీనే తెలీదు మణీ" అన్నాడు.

ఆ సోమవారం నేను పోలేకపోయినా, కడప బడివాళ్లు జూన్‌లో చేరమంటున్నారు. వస్తానని రాసినాను. అయితే నువ్వు ఈ ఇంటికి వస్తేనే నేను పోగలను. వాడికి కాలు, ఆయనకు అన్నం నేను చూడకపోతే నువ్వు చూడాలి. ఇది నిన్ను బెదిరించేకి కాదు, ఉన్న సంగతి.

ప్రతి జాబు కింద నాయన వేలిముద్ర వేస్తాడు కదా, దీనికింద ఉండదు. ఈ జాబు రాస్తున్నట్టు ఆయనకు తెలియదు. నీ జవాబును మాత్రం ఎప్పటిమాదిరే అరుగుమీద కూర్చోబెట్టుకుని నేనే చదివి వినిపించాలి. కోపం ఉంటే ఈసారి నా పేరు పెట్టి రాయి. ఎంత రాసినా, ఒక్క మాట దాటేయకుండా కడదాకా చదువుతాను.

ఇట్లు,
నాయనను ఆటస్థలంనుంచి లేపిన నీ చిన్న కూతురు
ఏసుమణి