నీ ఫొటో మీద నూనె మరక

నానమ్మా,

తమ్ముడు తోలు ఊడేదాకా చేతులు కడుక్కుంటుంటే, నల్లా పక్కన నిలబడి "ఏం కాదు బిడ్డా, ఇగ చాలు" అనేదానివి. నువ్వు పోయాక వాణ్ని పంజాగుట్టలో ఒక సైకాలజిస్టుకు చూపించాం. మురికి ముట్టుకున్నాక, భయం దిగేదాకా చేతులు కడుక్కోకుండా కూర్చోవడమే ఆమె వైద్యం. మొదట్లో ఏడ్చేవాడు.

ఇవాళ బోనాలు. బల్కంపేట గుడి దగ్గర, అంత జనంలో, బండి మీద మిర్చిబజ్జీలు తిని చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చి ఆ వేలితోనే నీ ఫొటోకు బొట్టు పెట్టాడు. అద్దానికి నూనె అంటింది. "ఎంగిలి చేత్తోని బొట్టేందిరా" అని నువ్వయితే తిట్టేదానివి. మేం పడీపడీ నవ్వాం. అమ్మ కొంగుతో తుడవబోతే వాడే ఆపాడు.

"ఉండనియ్యే అమ్మా, ఏం కాదు."