వీపు తిప్పి చెప్పిన తీర్పులు

బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచిన నేను, నా డెబ్బై రెండో ఏట, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. చెవులు మాత్రం మందగించాయి. అందుకే ఇప్పుడు కాస్త న్యాయంగా ఆలోచించగలుగుతున్నానని నా అనుమానం.

1. దుకాణమూ, దానిపైన ఉన్న రెండు గదులూ సర్వహక్కులతో నా కూతురికి చెందుతాయి. తాళాలు అక్క చేతిలో పెట్టే బాధ్యత నా కొడుకుది. వాడు ఏడవవచ్చు గానీ, ఏడుపును ఇకమీదట సాక్ష్యంగా స్వీకరించరాదు.

2. పై షరతుకు కారణం: నా కుట్టుమిషను గోడవైపు తిరిగి ఉండేది. పిల్లలు నా వెనక ఆడుకునేవారు, అంటే కొట్టుకునేవారు. వెనక్కి తిరిగితే కుట్టు వంకరపోతుంది కాబట్టి విచారణ చెవులతోనే జరిపేదాన్ని. ముందు ఏడ్చినవాళ్ళు దెబ్బ తిన్నట్టు, రెండోవాళ్ళకి నా చెక్క స్కేలు. ఈ చట్టం మావాడికి నాలుగో ఏటికే కంఠతా వచ్చేసింది. దెబ్బ పడకముందే రాగం అందుకునేవాడు.

3. ఆ మిషను కొడుకుకి. తన ఇద్దరు పిల్లలూ వెనక జుట్లు పట్టుకుంటుండగా ఒక్క కాలరు వంకర లేకుండా కుట్టాలి. కుట్టిన నాటినుంచి నన్ను తిట్టుకునే హక్కు వాడికి పూర్తిగా సంక్రమిస్తుంది.

4. పిల్లల్ని ఎలా పెంచాలో రోజూ ఉచితంగా చెప్పిన పక్కింటావిడకి నా గుండీల డబ్బా. రంగులవారీగా ఏరుకుంటూ కూర్చుంటే నోటికి కాస్త విశ్రాంతి.

5. నా కూతురు తొమ్మిదో ఏటినుంచి నా దగ్గరికి ఒక్క ఫిర్యాదూ తేలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయాను. పోయినేడు ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళి ఆపరేషను చేయించుకుని, ఇంటికొచ్చాక గానీ నాకు చెప్పలేదు. ఎందుకని అడిగితే, "నీకు పనుంటుంది కదమ్మా" అంది. నేను కుట్టడం మానేసి ఆరేళ్ళయింది.

6. ఇది రాస్తున్న వకీలుగారు వద్దన్నా ఈ ఒక్కటీ రాయిస్తున్నాను. కూతురి తొమ్మిదో ఏట, బడి యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు, వాడి ఏడుపు విని ఒక్కసారి వెనక్కి తిరిగాను. వాడు తన చెయ్యి తనే కొరుక్కుని ఏడుస్తున్నాడు. కూతురు గది ఆ చివర నిలబడి నావైపే చూస్తోంది. ఇంకా నలభై చొక్కాలున్నాయి. వాణ్ణి కొడితే గంటసేపు ఏడుస్తాడు. దాన్ని కొడితే ఏడవదు. దాన్నే కొట్టాను.

తల్లీ, ఆ రోజు నేను చూశాను.

తేదీ: జూలై తొమ్మిది, బుధవారం
సంతకం: వాళ్ళమ్మ
సాక్షులు: కాజాలు కుట్టే ఆవిడ, ఎదురుకొట్టు ఇస్త్రీ ఆయన