పొద్దున డెబ్బై, రాత్రి డెబ్బై ఒకటిన్నర

మంగళవారం

ఎయిర్‌పోర్టు కౌంటర్ల పొద్దంత బ్యాగులు తూకమేసే దాన్ని. మనుషుల మాట కన్న కాంటానే నమ్ముత. మా ఆయనకు షుగరు. ఇంట్ల కాంటా ఎక్కిస్తే పొద్దున డెబ్బై కిలోలున్నడు, రాత్రికి డెబ్బై ఒకటిన్నర.

"గగన్‌పహాడ్ల డ్యూటీ అయినంక మిఠాయి గిట్ట తిన్నవా?" అని అడిగిన.

"నువ్వు కట్టిచ్చిన జొన్నరొట్టెలే తిన్న. నీళ్లు తాగిన. గంతే" అన్నడు.

నమ్మలె. కాంటా మీదనే అనుమానమొచ్చి, విప్పని ఐదు కిలోల బియ్యం ప్యాకెట్ పెట్టి చూసిన. సరిగ్గ ఐదు చూపిచ్చింది. ఇగ ఆయనదే అబద్ధం అనుకున్న.

ఆయన పండుకున్నంక నేను గూడ కాంటా ఎక్కిన. పొద్దటికన్న కిలో ఎక్కువున్న. నేను తిన్నది గూడ గా రొట్టెలే.

ఆయన నిజమే చెప్పిండేమో. కానీ నా తూకం సంగతి చెప్తే రేపటి సంది కాంటా ఎక్కడు. చెప్ప.