వీపు వెనక తాడు

విజయవాడ,
మంగళవారం పొద్దున

నా బంగారు అబ్బాకి,
నీ మొండి మెహరాజ్ సలాములు.

ఈ ఉత్తరం మన ఊరి నుంచి రోజూ ఇక్కడికి వచ్చిపోయే దానమ్మ పిన్ని చేతికిస్తున్నాను. ఉయ్యూరులో బస్సు దిగగానే నీకే ఇవ్వాలని, అమ్మీ చేతిలో పడకూడదని ఒట్టు కూడా వేయించుకున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అమ్మీకి చెబితే ఏడుపు మొదలెడుతుంది. నీకు చెబితే నేనేమన్నా "ఆఁ ఆఁ, మంచిది బేటీ" అంటావు. నీకు వినపడదని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు అబ్బా. వినపడనప్పుడల్లా తల ఊపుతావు. చక్కెర ఫ్యాక్టరీలో మేస్త్రీ ఏం చెప్పినా అలా తల ఊపే ఇన్నేళ్లు నెట్టుకొచ్చావు.

బాక్సింగ్ సెమీఫైనల్ గెలిచానని అమ్మీ చెప్పే ఉంటుంది. ఎలా గెలిచానో ఆవిడకి చెప్పలేదు. అచ్చం నువ్వు నేర్పినట్టే. మొదటి రెండు రౌండ్లూ వీపు తాడుకి ఆనించి, మోచేతులు డొక్కలకీ గ్లవ్స్ చెంపలకీ అదిమిపెట్టి, ఆ గుంటూరు అమ్మాయిని తోచినంతసేపు కొట్టుకోనిచ్చాను. కింద నుంచి మా కోచ్ ఫిలిప్ సార్ "బయటికి రావే తల్లీ, పాయింట్లన్నీ పోతున్నాయి!" అని గొంతు చించుకుంటున్నారు. నేను వస్తానా? తాళ్ల కాశిం కూతుర్ని! మూడో రౌండుకి ఆ పిల్ల చేతులు బరువెక్కి కిందికి జారాయి. అప్పుడు కుడిచేత్తో రెండు ఇచ్చాను. రిఫరీ ఆట ఆపేశాడు. జనం ఒకటే ఈలలు. ఆ ఈలలు నాకు ఒక చెవిలోనే వినపడ్డాయి.

రెండో రౌండ్లో ఎడమ చెవి మీద ఒకటి తగిలింది. లోపల ఠప్పుమంది. తప్పు నాదే అనుకో. నువ్వు మన పెరట్లో నాలుగు గుంజలు పాతి, చెరుకు లారీ మోకులు తెచ్చి, లోడుకి బిగించినట్టు బిగించావు. ఎంత బరువు వేసి ఆనుకున్నా అవి కదలవు. ఇక్కడి తాళ్లు సాగుతాయి. క్యాంపుకొచ్చి ఇన్నాళ్లయినా నా వీపు మాత్రం మన పెరటికే అలవాటు పడి ఉంది. ఆనుకునేసరికి ఒళ్లంతా వెనక్కి పోయింది, గ్లవ్ చెంప మీంచి పక్కకి జరిగింది, ఆ సందులోనే దెబ్బ పడింది.

అప్పటినుంచీ చెవిలో ఫ్యాక్టరీ సైరన్ ఆగకుండా మోగుతోంది. కూర్చోలేను, పడుకోలేను, అన్నం ముందు కూడా కుదురుగా ఉండలేకపోతున్నాను. నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతుంటే, ఎడమవైపు నుంచి ఆటో మోకాలికి తగిలేదాకా తెలియలేదు. "చెవుడా ఏంటమ్మా, ఇందాకట్నుంచి హారన్ కొడుతున్నా!" అన్నాడు. వాణ్ని చెడామడా తిడదామని నోరు తెరిచి మూసుకున్నాను. అట్నుంచి అటే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను. కర్ణభేరికి చిల్లు పడిందట. ఆరు వారాలు గ్లవ్స్ ముట్టుకోవద్దన్నారు. ఈలోగా ఇంకోటి తగిలితే ఆ చెవి మీద ఆశ వదులుకోమన్నారు.

ఫైనల్ శనివారం అబ్బా, ఏంజెల్‌తో. గెలిచినవాళ్లే నేషనల్స్‌కి వెళ్తారు. నాకు ఇరవై నాలుగొచ్చాయి. డాక్టరు రాసిచ్చిన చీటీ మడిచి బ్యాగు అడుగున పడేశాను. నేను దిగుతాను. ఫిలిప్ సార్‌కి తెలియదు, ఎవరికీ తెలియదు. నిన్ను అనుమతి అడగట్లేదు, ఒక్క సంగతి అడుగుతున్నాను. నీకు తాళ్ల కాశిం అని పేరొచ్చిన ఆ ఆట రోజు నీకూ ఎడమ చెవే పోయింది కదా. ఆ నొప్పితో ఆఖరిదాకా తాళ్ల మీద ఎలా నిలబడ్డావు? ఎలా గెలిచావు? ఆ కిటుకు రాసి పంపు. ఫిలిప్ సార్‌కి ఫోన్ చేశావో, జన్మలో నీతో మాట్లాడను.

నీ పేరు నిలబెట్టబోయే కూతురు,
తాళ్ల మెహరాజ్


ఉయ్యూరు,
బుధవారం

బేటీ మెహరూకి,
అబ్బా దువా.

నీ ఉత్తరం నిన్న దానమ్మ ఇచ్చింది. మూడుసార్లు చదివాను. రాయడం నాకంత బాగా రాదు, తప్పులుంటే సర్దుకో.

కిటుకు అడిగావు. కిటుకేమీ లేదు.

ఆ రోజు మొదటి రౌండ్లోనే నా చెవి పగిలింది. నేల గిర్రున తిరిగింది. ఎదుటివాడు ఇద్దరుగా కనపడ్డాడు. ఒక్క అడుగు ముందుకేస్తే బోర్లా పడతానని తెలిసింది. వీపుకి తాడు తగిలింది, ఆనుకున్నాను. పడిపోకుండా ఆనుకున్నాను బేటీ, అంతే. ఎత్తూ లేదు, పై ఎత్తూ లేదు. మా కోచ్ బయటికి రమ్మని ఒకటే అరిచాడట. నాకు వినపడలేదు. వినపడినా రాగలిగేవాణ్ని కాదు. వాడు కొట్టి కొట్టి అలిసిపోయాడు. నేను కళ్లు మూసుకుని ఒకటి విసిరాను. అది తగిలింది.

అందరూ భుజాలకెత్తుకున్నారు. "భలే ఆడావు కాశిం, వాణ్ని అలిసిపోనిచ్చి మరీ కొట్టావు" అన్నారు. సగం మాటలు వినపడలేదు. తల ఊపాను. ఈ ఇరవై ఎనిమిదేళ్లూ ఊపుతూనే ఉన్నాను. నీకు పదేళ్లప్పుడు వచ్చి, "అబ్బా, తాళ్ల మీద ఆట నేర్పవా" అన్నావు. అది ఆట కాదు తల్లీ అని అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది. ఇంట్లో నన్ను అంత గొప్పగా చూసేది నువ్వొక్కదానివే. ఆ చూపు పోతుందని భయపడ్డాను. నాకు రానిది నీకు నేర్పాను. రింగు కట్టడం కూడా రాదు నాకు, చెరుకు లోడు బిగించడమే వచ్చు. అందుకే తాళ్లు అలా బిగించాను. నీ చెవి నేనే కొట్టినట్టయింది.

ఇవాళ పొద్దున్నే పెరట్లో మోకులన్నీ విప్పేశాను. లారీవాళ్లకి ఇచ్చేద్దామనుకుంటే మీ అమ్మీ ఒకటి లాక్కుని బట్టలు ఆరేసుకుంది.

ఫిలిప్ గారికి ఫోన్ చేయలేదు. చేసినా ఆయనేమంటారో నాకు వినపడదు, ఫ్యాక్టరీ మోతకి కుడి చెవి కూడా మందగించింది. నువ్వే చెప్పాలి. ఆ రోజు మా కోచ్ అరిచిన మాట నీకు రాస్తున్నాను. బయటికి రా మెహరూ. నన్ను మన్నించు.

నీ అబ్బా,
కాశిం


విజయవాడ,
ఆదివారం

అబ్బాకి,
సలాం.

ఈసారి బంగారు అని రాయడం లేదు. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

నీ ఉత్తరం గురువారం అందింది. చదివి గ్లవ్స్ గోడకేసి కొట్టాను. పద్నాలుగేళ్లు అబ్బా! నేను నిన్ను తలుచుకుని ఎన్ని దెబ్బలు తిన్నాను! నువ్వు చేయనిది నేను చేసి చూపిస్తాను, నిజంగానే తాళ్ల మీద నుంచి గెలిచి ఆ పతకం నీ ముందు పడేస్తాను అనుకున్నాను. రెండు రోజులు క్యాంపులో పిచ్చిదానిలా అటూ ఇటూ తిరిగాను.

శనివారం పొద్దున బరువు చూశాక పోటీల డాక్టరు పరీక్ష. ఆయన నాకు ఎడమ పక్కన నిలబడి, కాగితం చూసుకుంటూ ఏదో అడిగారు. నాకు వినపడలేదు. తల ఊపాను. నవ్వుతూ మరీ ఊపాను. ఆయన సంతకం పెట్టడానికి పెన్ను తీశారు. అప్పుడు తెలిసింది, ఆ ఊపు నాది కాదు. మెడ కాస్త కుడికి వంచి, పెదాలు బిగించి, అచ్చం నువ్వే! "సార్, మీరేం అడిగారో నాకు వినపడలేదు. నా ఎడమ చెవి పగిలింది" అన్నాను.

ఫిలిప్ సార్ పది నిమిషాలు ఏకధాటిగా తిట్టారు. అటూ ఇటూ పచార్లు చేస్తూ తిట్టారు కాబట్టి నాకు చేరినవి సగమే. సాయంత్రం అంతా అయ్యాక నా బ్యాగు ఆయనే మోసుకొచ్చి నన్ను ఆటో ఎక్కించారు. అంతకుముందు, ఆట లేకుండానే ఏంజెల్ గెలిచినట్టు ప్రకటించారు. ఆ పిల్ల పతకం వేయించుకుంటుంటే నేను బాత్రూంలోకి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇప్పుడూ ఏడుస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే ఏమీ అనుకోకు. వచ్చే ఏడాది దిగుతాను. రింగు మధ్యలో నిలబడి ఆడటం మొదటినుంచీ నేర్చుకోవాలి.

నువ్వు బయటికి రమ్మన్నావు, వచ్చాను. ఇక నీ వంతు. గురువారం పదింటికి బెంజ్ సర్కిల్ దగ్గర అదే చెవి డాక్టరు. రెండు పేర్లు రాయించాను, నాదీ నీదీ. దానమ్మ పిన్నితో పాటు బస్సెక్కి రా. చెవికి మిషను పెట్టుకుంటే ఫ్యాక్టరీలో నవ్వుతారంటే ఊరుకోను. డాక్టరుగారు ఏమడిగినా తల ఊపకు. వినపడకపోతే వినపడలేదని నోటితో చెప్పు.

ఇంకో మాట. అక్కడ మనం పక్కపక్కన కూర్చుంటే కుదరదు. నేను నీ కుడిపక్క కూర్చుంటే నువ్వు నా పాడైన చెవి వైపుంటావు. అటు మారితే నీకు వినపడదు. ఎవరో ఒకరు తల ఊపాల్సి వస్తుంది. అందుకని ఎదురెదురుగా కూర్చుందాం అబ్బా.

నీ
మెహరాజ్